పాత ల్యాబు పరీక్షలు చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (మధ్యలో కస్టర్డ్ గొడవ కూడా)

గాజుగొట్టం · శనివారం, ఉదయం 9:12

అటక సర్దుతుంటే అరచేతిలో పట్టేంత నల్ల పెట్టె ఒకటి బయటపడింది. మూత తీస్తే సాహ్లీ హీమోగ్లోబినోమీటర్, రక్తంలో హీమోగ్లోబిన్ ఎంతుందో రంగు పోల్చి చూసే పరికరం! గీతల గొట్టం, దానికి రెండు పక్కలా గోధుమరంగు గాజు, కలపడానికి సన్నటి గాజు పుల్ల, 20 గీత ఉన్న పిపెట్. పిపెట్‌కి తగిలించే రబ్బరు ట్యూబు మాత్రం ముట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతికిచ్చిన మొదటి పరికరం ఇదే.

చూడనివాళ్ల కోసం చెప్తున్నా. గొట్టంలో 2 గ్రాముల గీత దాకా ఎన్/10 (అంటే బాగా పలచన చేసిన) హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. వేలు పొడిచి, పిపెట్‌లో 20 గీత వరకు రక్తం పీల్చాలి. అంటే 0.02 మిల్లీలీటరు. మొన బయట అంటిన రక్తం దూదితో తుడవాలి. ఇది మర్చిపోయినవాడి రిపోర్టులో రోగికి ఊరికే రక్తం పెరిగిపోయేది. ఆమ్లంలోకి మెల్లగా ఊది, 10 నిమిషాలు ఆగాలి. ఎరుపు కాస్తా ముదురు గోధుమలోకి తిరుగుతుంది. అప్పుడు కిటికీ దగ్గర నిలబడి డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా వేస్తూ, పుల్లతో కలుపుతూ, పక్క గాజు రంగుతో సరిపోయేదాకా చూడటమే. చివర్లో చెయ్యి జారి నాలుగు చుక్కలు ఎక్కువ పడ్డాయా, మళ్లీ వేలు పొడవాలి. "ఇప్పుడేగా పొడిచారు" అన్నట్టు రోగి చూసే చూపు ఇప్పటికీ కళ్లముందుంది.

ఇలాంటివి చేసినవాళ్లుంటే రండి, కాసేపు కబుర్లాడుకుందాం.

నిద్రలేనిఘడియ · శనివారం, ఉదయం 9:40

మాస్టారూ, అసలు సంగతి దాటేశారు. ఆ రబ్బరు ట్యూబు రెండో చివర ఎక్కడుండేదో చెప్పండి. నోట్లో! మనం ఎవరెవరి రక్తం, ఏయే రసాయనాలు రుచి చూశామో లెక్కేస్తే పెద్ద మెనూ కార్డు అవుతుంది.

నీలిసిరా · శనివారం, ఉదయం 10:05

నేను సోడియం కార్బొనేట్ మింగాను. నాలుక మీద సబ్బు రుచి రెండు రోజులున్నట్టు అనిపించింది. పిపెట్ పై చివర దూది కుక్కమని సీనియర్లు చెప్పేవాళ్లు, తొందరలో ఎవరు కుక్కేవాళ్లు?

నాకైతే పాత ల్యాబు అనగానే బెనెడిక్టే, మూత్రంలో షుగర్ చూసే పరీక్ష. పొద్దున్న తలుపు తీయగానే బల్ల నిండా మూత్రం సీసాలు, పక్కన రాగి ఉప్పు కలిసిన నీలం బెనెడిక్ట్ ద్రావణం జాడీ. టెస్ట్ ట్యూబులో 5 మిల్లీలీటర్ల ద్రావణం, 8 చుక్కల శాంపిల్, మరిగించి చల్లారనివ్వడం. నీలంగానే ఉంటే షుగర్ లేదు. ఆకుపచ్చ అయితే అర శాతం దగ్గర, పసుపు ఒక శాతం, నారింజ ఒకటిన్నర, ఇటుక రంగు అయితే రెండూ, ఆపైన. ముప్ఫై ట్యూబులు స్టాండులో వరసగా నిలబెడితే రంగుల దుకాణంలా ఉండేది. ఎవరి ట్యూబు ఎర్రబడిందో వాళ్ల మొహం గుర్తొచ్చి మనసు చివుక్కుమనేది, అది వేరే సంగతి.

మంట మీద ట్యూబు పట్టుకోవడం ఒక విద్య. అడుగున వేడి చేస్తే లోపలిది ఒక్కసారిగా ఎగిరి బయటికి చిమ్ముతుంది. అందుకే పక్కకు వంచి, కదుపుతూ, ట్యూబు మూతి మనిషి లేని వైపు తిప్పి పట్టుకోవాలి. మా ల్యాబు పైకప్పు మీద నీలం, ఆకుపచ్చ మచ్చలుండేవి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఒక మచ్చ చేర్చి వెళ్లినవాళ్లే.

చిటికెడుప్పు · శనివారం, ఉదయం 11:30

అందరికీ నమస్కారం. నేను ల్యాబు మనిషిని కాదు. "వాటర్ బాత్" అని వెతికితే మీ దగ్గరికొచ్చి పడ్డాను. వచ్చాను కాబట్టి అడిగేస్తున్నా, ఏమనుకోకండి.

కస్టర్డ్ చేస్తాను: 3 గుడ్లు, అర లీటరు పాలు, 80 గ్రాముల చక్కెర. అడుగున కారమెల్ పోసి, గిన్నెను వేడి నీళ్ల పళ్లెంలో పెట్టి ఉడికిస్తాను. ప్రతిసారీ కోస్తే లోపలంతా కన్నాలు, పక్కన నీళ్లు. స్పాంజిలా ఉంటుంది. రుచి బాగానే ఉంటుంది కానీ పళ్లెంలోకి బోర్లిస్తే పరువు పోతోంది. మీరు రోజూ నీళ్లలో పెట్టి వేడి చేసేవాళ్లు కదా, కారణం చెప్పగలరా?

వంటింటి_శాస్త్రి · శనివారం, మధ్యాహ్నం 12:10

సరైన చోటికే వచ్చారమ్మా. వాటర్ బాత్ అనేదే వంటింటికీ ల్యాబుకీ ఉమ్మడి ఆస్తి. ఫ్రెంచ్ వంటవాళ్లు దాన్ని "బాన్ మరీ" అంటారు, మరియ స్నానం అని. ఈ మరియ క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి యూదు రసవాది అని చెప్తారు. అంటే కస్టర్డ్ గిన్నె పెట్టే పద్ధతికి ఒక రసవాది పేరు పెట్టుకున్నారు.

మీ కన్నాల సంగతి. గుడ్డులో ప్రొటీన్లు వేడికి విడిపోయి, ఒకదానికొకటి అల్లుకుని వలలా అవుతాయి. ఆ వలలో పాలు చిక్కుకుంటాయి. కస్టర్డ్ 80 డిగ్రీల చుట్టుపక్కల గట్టిపడుతుంది. 85 దాటి పైకి పోతే వల బిగుసుకుపోయి, పట్టుకున్న నీటిని పిండి బయటికి వదిలేస్తుంది. పక్కన కనిపించే నీళ్లు అవే. మీ పళ్లెంలో నీళ్లు తెర్లుతున్నాయా? తెర్లితే గిన్నె అంచులు 85 ఎప్పుడో దాటేశాయి.

ఇదే ప్రొటీన్ సంగతి మన ల్యాబు మిత్రులు మూత్రంలో వెతికేవాళ్లు. ట్యూబును మూడొంతులు నింపి పై భాగం మాత్రమే వేడి చేస్తే తెల్లటి మబ్బు కమ్ముతుంది. అడుగు తేటగా ఉంటుంది కాబట్టి తేడా కంటికి తెలుస్తుంది. అప్పుడు రెండు మూడు చుక్కల ఎసిటిక్ ఆమ్లం వేస్తే, మబ్బు విడిపోతే ఫాస్ఫేట్లు, ఉండిపోతే ఆల్బుమిన్ అనే ప్రొటీన్. గుడ్డు తెల్లసొన ఉడకడమూ అదే, మూత్రపిండం ప్రొటీన్ కార్చడాన్ని పట్టించిందీ అదే.

కొత్తకోటు · శనివారం, మధ్యాహ్నం 1:25

చదువుతుంటే బాగానే ఉంది కానీ ఒక మాట అనొచ్చా? నేను ఇప్పటి ల్యాబులో పనిచేస్తున్నాను. మా సీనియర్లు కూడా ఇలాగే "మా రోజుల్లో" అంటారు. ఆ రోజుల్లో బెనెడిక్ట్ గ్లూకోజునే పట్టుకునేదా? రాగిని క్షయీకరించేది (అంటే నీలం రాగిని ఎర్రబరిచేది) ఏదైనా దానికి ఒకటే. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మింగినా పాజిటివే, బాలింత మూత్రంలో లాక్టోజ్ ఉన్నా పాజిటివే. వాళ్లలో ఎంతమందికి మీరు షుగర్ ఉందని చెప్పి భయపెట్టారో! సాహ్లీ అయితే మరీను. ఒకే శాంపిల్ ఇద్దరు చూస్తే ఇద్దరికీ వేర్వేరు అంకెలు. పది శాతం అటూ ఇటూ అయ్యే పద్ధతిని తలుచుకుని ఇంత మురిసిపోవాలా?

గాజుగొట్టం · శనివారం, మధ్యాహ్నం 2:50

అనొచ్చు. నిజమే అన్నావు కూడా. సాహ్లీలో రంగు పూర్తిగా తేలడానికి 10 నిమిషాలు చాలవు, దగ్గర దగ్గరగా వస్తుందంతే. మబ్బు పట్టిన రోజు కిటికీ వెలుతురు వేరు, ఎండ రోజు వేరు. పెట్టెలోని గాజు కూడా ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. మేము మురిసిపోతున్నది అంకె చూసి కాదు బాబూ, చేతిపని చూసి.

రక్తకణాలు లెక్కపెట్టే కౌంట్ సంగతి చెప్తా విను. తెల్లకణాల పిపెట్‌లో తెల్ల పూస, ఎర్రకణాల పిపెట్‌లో ఎర్ర పూస. మొదటిదానికి 11 గీత, రెండోదానికి 101. తెల్లకణాలకి రక్తం 0.5 వరకు, ఆపైన పలచన చేసే టర్క్ ద్రావణం 11 వరకు, 20 రెట్లు పలచన. అందులోని ఎసిటిక్ ఆమ్లం ఎర్రకణాలను పగలగొట్టేస్తుంది, జెన్షియన్ వయొలెట్ తెల్లకణాల కేంద్రకాలకు రంగేస్తుంది. మొదటి నాలుగు చుక్కలు పారబోసి (పిపెట్ కాడలో ఉన్నది ఉత్త ద్రావణమే కాబట్టి) న్యూబార్ ఛాంబర్‌కి (గళ్లు గీసిన లెక్కింపు స్లైడ్) కవర్‌స్లిప్ కిందుగా ఒక్క చుక్క అందించాలి. గాలిబుడగ వచ్చినా, పక్క కాలవలోకి పొంగినా మళ్లీ మొదలు. నాలుగు మూలల పెద్ద గళ్లలో కణాలు లెక్కపెట్టి 50తో గుణిస్తే ఘనపు మిల్లీమీటరుకి ఎన్నో వస్తుంది. గీత మీద కూర్చున్న కణాలతోనే పేచీ. పై గీత, ఎడమ గీత మీదవి లెక్కలోకి, కింది గీత, కుడి గీత మీదవి వదిలెయ్యాలి. ఎడమ చేతి కింద టకటకమనే కౌంటర్, కుడి చేత్తో స్లైడ్ కదపడం. మధ్యలో ఎవరైనా "టీ తాగుతారా?" అని పలకరిస్తే 143 దగ్గర లెక్క తప్పేది.

వాలెస్ కూల్టర్ 1953లో పేటెంట్ పుచ్చుకున్న యంత్రం ఆ బాధ తీర్చింది. సన్నటి రంధ్రంలోంచి కణాలు ఒక్కొక్కటే దాటుతుంటే విద్యుత్ నిరోధంలో చిన్న కుదుపు, ఆ కుదుపులే లెక్క. మా దగ్గరికి అది వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చిన రోజు నేనే అందరికంటే ముందు పండగ చేసుకున్నాను.

నిద్రలేనిఘడియ · శనివారం, మధ్యాహ్నం 3:15

పై గీత లోపలికి, కింది గీత బయటికి. పరీక్షలో దీన్ని తిరగేసి రాసినవాణ్ని నేనే. మార్కులు కూడా తిరగేసే వచ్చాయి.

నీలిసిరా · శనివారం, సాయంత్రం 5:20

కొత్తకోటూ, నీ లాక్టోజ్ మాటకి ఒక కథ గుర్తొచ్చింది. పొడుపుకథలా చెప్తా, ఎవరు విప్పుతారో చూద్దాం.

నేను విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్షకి శాంపిల్స్ సిద్ధం చేసే పనిలో ఉన్నాను. ఆ రోజు షుగర్ ఉన్న శాంపిల్ ఒక్కటీ దొరకలేదు. తొమ్మిదింటికి పరీక్ష. ఏముంది, మామూలు శాంపిల్‌లో టీ బల్ల మీది చక్కెర రెండు చెంచాలు వేసి బాగా కలిపి "ఎ" అని చీటీ అంటించాను. ఇరవై నాలుగు మంది పిల్లలు. ఇరవై నాలుగు ట్యూబులు మరిగాయి. అన్నీ నీలమే! ఒకమ్మాయి భయంతో ఇంకో 8 చుక్కలు వేసి మళ్లీ మరిగించింది, అయినా నీలమే. పరీక్ష పెట్టిన పెద్దాయన ద్రావణం పాడైందని తేల్చి, రెండు లీటర్లు సింకులో పారబోయించి, మళ్లీ చేయించాడు. దాంతోనూ నీలమే. నేను చక్కెర వేశానని చెబుదామంటే నోరు పెగల్లేదు.

ఎందుకు రాలేదు?

నిద్రలేనిఘడియ · శనివారం, సాయంత్రం 5:31

చక్కెర అనుకుని ఉప్పు వేశారు.

నీలిసిరా · శనివారం, సాయంత్రం 5:33

లేదు. మిగిలింది టీలో వేసుకుని తాగాను. చక్కెరే.

చిటికెడుప్పు · శనివారం, సాయంత్రం 6:48

నాకు తెలిసి కాదు కానీ... మా ఇంట్లో జామ్ చేసేటప్పుడు నిమ్మరసం తప్పకుండా వేస్తాం. వెయ్యకపోతే కొన్నాళ్లకి సీసా అడుగున చక్కెర పలుకులు కడుతుంది. నిమ్మ పులుపుకి చక్కెర రెండుగా విడిపోతుందని, విడిపోయిన చక్కెర పలుకులు కట్టదని ఎక్కడో చదివాను. మీరు చక్కెరని విడగొట్టకుండా అలాగే వేశారేమో?

వంటింటి_శాస్త్రి · శనివారం, సాయంత్రం 7:05

శభాష్! ల్యాబువాళ్లంతా చూస్తుండగా జామ్ చేసే మనిషి విప్పేసింది.

వంటింటి చక్కెర సుక్రోజ్. అందులో ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేతులు పట్టుకుని ఉంటాయి. రాగిని క్షయీకరించాల్సిన చేతులే ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. ఖాళీ చెయ్యి లేదు, ఇక బెనెడిక్ట్ ఏం ఎర్రబడుతుంది? ఆమ్లంతో మరిగిస్తే ఆ పట్టు వదిలి రెండూ విడివిడిగా అవుతాయి. నీలిసిరా గారు అదే చక్కెర నీళ్లలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి మరిగించి, తర్వాత సోడియం కార్బొనేట్‌తో ఆమ్లాన్ని చంపి చూసుంటే ఇటుక రంగు వచ్చేది. లేదా నేరుగా గ్లూకోజ్ పొడి వేసినా సరిపోయేది.

జామ్‌లో జరిగేదీ అదే. పులుపులో ఉడుకుతున్నంతసేపూ కొంత సుక్రోజ్ విడిపోతుంది. రకరకాల చక్కెరలు కలిసి ఉంటే పలుకు కట్టడం కష్టం.

నీలిసిరా · శనివారం, సాయంత్రం 7:20

అదే! నాకు అర్థమయ్యేసరికి సాయంత్రమైంది. మర్నాడు గ్లూకోజ్ పొడితో మళ్లీ పెట్టించారు. ఆ పెద్దాయనకి అసలు సంగతి చివరిదాకా చెప్పలేదు. పాపం, ఆ రెండు లీటర్ల ద్రావణం.

కొత్తకోటూ, ఇది నీ పక్షానికే బలం. పరీక్ష దేన్ని చూస్తోందో తెలియకుండా రంగు చూసి మాట్లాడితే ఇంతే. ఇంకా వెనక్కి వెళ్తే రంగూ లేదు, నాలుకే. మధుమేహం అన్న మాటలోనే తేనె ఉంది. చీమలు పడుతున్నాయా అని చూసేవాళ్లు. 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ రుచి చూసి తియ్యగా ఉందని రాశాడు. మాథ్యూ డాబ్సన్ 1776లో అలాంటి మూత్రాన్ని ఆవిరి పట్టించి, అడుగున మిగిలింది చూడటానికీ రుచికీ చక్కెరలాగే ఉందని తేల్చాడు. వాళ్లతో పోలిస్తే మనం నోటితో పీల్చింది తక్కువే.

చిటికెడుప్పు · శనివారం, రాత్రి 8:02

ఇవాళ ఇక జామ్ తినను.

వంటింటి_శాస్త్రి · శనివారం, రాత్రి 8:15

తినండమ్మా, మీ జామ్‌కి కూడా ఒక ల్యాబు పరీక్ష చెప్తాను. పండులో పెక్టిన్ చాలినంత ఉందో లేదో ముందే తెలుసుకోవచ్చు. ఉడికించిన పండ్ల రసం ఒక చెంచా చల్లార్చి, మూడు చెంచాల స్పిరిట్‌లో వేసి మెల్లగా తిప్పి నిమిషం ఆగండి. ఒకే ముద్దగా కడితే పెక్టిన్ దండిగా ఉంది. ముక్కలు ముక్కలుగా కడితే తక్కువ, పెక్టిన్ ఎక్కువున్న ఇంకో పండు కలపాలి. చూసింది వెంటనే పారబోయండి, నోట్లో పెట్టకూడదు. గిన్నెలోకి తిరిగి పొయ్యకూడదు.

ఇక మరిగేది 104, 105 డిగ్రీల దాకా. ఎత్తు ప్రదేశాల్లో ఉంటే నీళ్లు మరిగే వేడికి ఇంకో నాలుగైదు డిగ్రీలు కలుపుకోండి. థర్మామీటర్ లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టిన పళ్లెం మీద చుక్క వేసి వేలితో నెట్టండి. ముడత పడితే దించెయ్యండి. సాహ్లీ గొట్టం కిటికీ దగ్గర పట్టుకోవడం కంటే ఇదేం తక్కువ పరీక్ష కాదు.

నిద్రలేనిఘడియ · ఆదివారం, తెల్లవారుజామున 2:17

నైట్ డ్యూటీ. నాకు ఏమీ వండటం రాదు, ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోతే అదే తయారయ్యేది ఏదైనా ఉంటే చెప్పండి.

నీలిసిరా · ఆదివారం, ఉదయం 6:55

ఉంది. అదీ ల్యాబు సరుకే: అగర్. వంటింట్లో చైనా గ్రాస్ అంటారు. లీటరు పాలకి 8 గ్రాముల పొడి. ముందు గిన్నెలో కాసిని నీళ్లలో పొడి కలిపి, పూర్తిగా కరిగేదాకా రెండు నిమిషాలు మరిగించు. సరిగా కరగకపోతే నోటికి ఇసుకలా తగులుతుంది. వేడి పాలు, చక్కెర కలిపి గిన్నెల్లో పోసెయ్. నిమ్మరసం లాంటి పులుపు వెయ్యాలనుకుంటే దించాక వెయ్యి. పులుపుతో మరిగితే అగర్ పట్టు పోతుంది. బాక్టీరియా పెంచే పళ్లాలకి మేము లీటరుకి 15 గ్రాములు వేసేవాళ్లం. అంత గట్టిది తినలేవు.

అసలు అగర్ ల్యాబుకి వచ్చిందే వంటింట్లోంచి. 1881 నాటికి బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ దగ్గర బాక్టీరియాని ముందు బంగాళాదుంప ముక్కల మీద, తర్వాత జెలటిన్ మీద పెంచేవాళ్లు. జెలటిన్ వేసవి ఎండకే కరిగిపోయేది, పైగా కొన్ని బాక్టీరియా దాన్నే తినేసి నీళ్లు చేసేవి. అక్కడ పనిచేస్తున్న వాల్టర్ హెస్సె ఇంటికెళ్లి భార్య ఫానీతో మొత్తుకున్నాడు: నువ్వు చేసే జెల్లీలు ఎండాకాలంలోనూ ఎందుకు కరగవని. ఆవిడ అగర్ వాడుతుంది. జావాలో ఉండి వచ్చిన డచ్ ఇరుగుపొరుగు వాళ్ల దగ్గర నేర్చుకుందట. అగర్ కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి, ఒకసారి గడ్డకట్టిందంటే 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో దిట్టంగా కూర్చుంటుంది. మరుసటి ఏడు క్షయ బాక్టీరియా గురించి కోక్ రాసినప్పుడు అగర్ ప్రస్తావన ఉంది, ఫానీ పేరు లేదు. 1887లో మూత పళ్లెం చేసిన పెట్రీ పేరు మాత్రం ప్రతి ల్యాబులో రోజుకి వందసార్లు పలుకుతాం. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

కొత్తకోటు · ఆదివారం, ఉదయం 8:30

ఇది నాకు తెలియదక్కా. నాలుగేళ్లు చదివాను, ఒక్కరూ చెప్పలేదు.

నిన్న కాస్త దురుసుగా రాశాను. రాత్రి డ్యూటీలో ఒకటి జరిగింది, చెప్తా. మెషీన్ ఒక శాంపిల్‌కి ప్లేట్‌లెట్లు 22 వేలని ఇచ్చింది. వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. కానీ మనిషికి ఎక్కడా రక్తం కారడం లేదు, ఒంటి మీద మచ్చ లేదు. అనుమానం వచ్చి స్మియర్ లాగి (స్లైడ్ మీద రక్తం పలచగా పరిచి) లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. స్లైడ్ చివర్లో ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులు, ద్రాక్ష గెలల్లా. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉంచే ఈడీటీఏ వల్ల అవి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మెషీన్ ఆ గుత్తుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కేయలేదు. గడ్డకట్టనివ్వని ఇంకో మందు సిట్రేట్ ఉన్న ట్యూబులో మళ్లీ రక్తం తీయించి, ఆ ద్రావణంతో పలచనైనందుకు వచ్చినదాన్ని 1.1తో గుణిస్తే లక్షా 90 వేలు దాటింది.

కాబట్టి కన్ను అక్కర్లేదని నేను అనను. ఈఎస్ఆర్‌కి (ఎర్రకణాలు ఎంత వేగంగా అడుగుకి దిగుతాయో చూసే పరీక్ష) కూడా మెషీన్లు ఎన్ని వచ్చినా ప్రామాణికం ఇప్పటికీ వెస్టర్‌గ్రెన్ గొట్టమే. నాలుగు పాళ్ల రక్తం, ఒక పాలు సిట్రేట్, గంట సేపు కదపకుండా నిలబెట్టడం. కానీ సాహ్లీ వద్దు. దాని మీద మాత్రం నా మాట మార్చను.

గాజుగొట్టం · ఆదివారం, ఉదయం 9:15

మంచి పని చేశావు. ఆ స్లైడ్ దాచిపెట్టు, జూనియర్లకి చూపించు.

పోవాల్సినవి పోయాయనే నేనూ అంటాను. బ్లడ్ షుగర్‌కి ఆర్థో టాల్యుడిన్ గుర్తుందా ఎవరికైనా? గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లంలో కలిపి మరిగే నీళ్లలో పెడితే చక్కటి ఆకుపచ్చ. ఆ ఘాటుకి కళ్లు మండి నీళ్లు కారేవి. అది క్యాన్సర్ కారకం అని తెలిసేసరికి మా ముక్కుల్లోంచి లీటర్లకొద్దీ పోయింది. మలంలో రక్తం చూడటానికి వాడిన బెంజిడిన్ కూడా అంతే. హీమోగ్లోబిన్ కొలవడానికి వాడిన డ్రాబ్కిన్ ద్రావణంలో సయనైడ్. వాటిని కూడా నోటితోనే పీల్చాం. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వచ్చి గ్లూకోజుని మాత్రమే ముట్టుకోవడం మొదలుపెట్టాక ఊపిరి పీల్చుకున్నాం. అక్షరాలా.

నిద్రలేనిఘడియ · ఆదివారం, ఉదయం 9:50

మా పాత ల్యాబులో నైట్ డ్యూటీకి బీకరులో కాఫీ కాచుకునేవాళ్లం. కడిగిన బీకరే లెండి. పెరుగు గిన్నె శాంపిల్స్ ఫ్రిజ్‌లో.

నీలిసిరా · ఆదివారం, ఉదయం 9:58

గొప్పలు చెప్పుకునే విషయమా ఇది? కొత్త పిల్లలు చదువుతున్నారిక్కడ. ల్యాబు గాజు వంటకి రాదు, ల్యాబు ఫ్రిజ్‌లో తిండి ఉండదు. కడిగినా సరే. అటక మీది పాత టెస్ట్ ట్యూబుల్లో మసాలాలు పోసి అందంగా పెట్టుకునేవాళ్లకీ ఇదే మాట. అందులో మునుపు ఏముండేదో ఎవరికి తెలుసు?

చిటికెడుప్పు · ఆదివారం, ఉదయం 10:20

ఒక సందేహం. గర్భం ఉందో లేదో పూర్వం కప్పలతో చూసేవాళ్లని విన్నాను. నిజమా, పుకారా?

గాజుగొట్టం · ఆదివారం, ఉదయం 11:05

నిజమేనమ్మా. నేను చూసినవాణ్ని కాదు, మా గురువుగారి తరం. 1920ల చివర్లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు చిన్న ఎలుకలకి మూత్రం ఎక్కించి, కొన్ని రోజుల తర్వాత కోసి అండాశయాలు చూసేవాళ్లు. తర్వాత కుందేలు వచ్చింది. కుందేలు చచ్చిపోతే గర్భం ఉన్నట్టని జనం అనుకునేవాళ్లు కానీ, ఉన్నా లేకపోయినా కోసి చూడాల్సిందే కాబట్టి ప్రతి కుందేలూ చచ్చేది. కప్పే నయం. ఆఫ్రికా జెనోపస్ ఆడ కప్పకి ఎక్కిస్తే, గర్భం ఉన్నట్టయితే పూట గడిచేలోపు గుడ్లు పెట్టేస్తుంది. కోయక్కర్లేదు, కొన్నాళ్లాగి దాన్నే మళ్లీ వాడొచ్చు. 1960 తర్వాత ట్యూబులో రక్తకణాలతో చూసే పరీక్షలు వచ్చి కప్పలకి సెలవిచ్చారు.

చిటికెడుప్పు · ఆదివారం, సాయంత్రం 4:40

ఇవాళ కస్టర్డ్ మళ్లీ పెట్టాను. శాస్త్రి గారు చెప్పినట్టు మంట తగ్గించాను. అయినా పక్కన నిలబడితే నీళ్లు ఎప్పుడు తెర్లుతాయో, ఎప్పుడు ఆగుతాయో పట్టుకోవడం కష్టంగా ఉంది. థర్మామీటర్ లేదు. గుర్తేమైనా ఉందా?

నీలిసిరా · ఆదివారం, సాయంత్రం 4:52

ఉంది. క్షయ స్లైడ్లకి జీల్-నీల్సన్ స్టెయిన్ వేసేటప్పుడు మాకు నేర్పింది ఒకటే మాట: ఆవిరి రావాలి, మరగకూడదు. స్లైడ్ మీద కార్బాల్ ఫుక్సిన్ పోసి కింద మంట చూపిస్తాం. సన్నగా ఆవిరి లేవగానే మంట తీసెయ్యాలి. ఆవిరి ఆగితే మళ్లీ చూపించాలి. అలా ఐదు నిమిషాలు. బుడగ వచ్చిందో స్టెయిన్ పొరలు కట్టి స్లైడ్ పాడు. మీరూ నీళ్ల వైపే చూడండి, కస్టర్డ్ వైపు కాదు. ఆవిరి ఉంటే చాలు. బుడగ కనిపించిందా, ఒక గ్లాసు చల్లనీళ్లు పళ్లెంలో పొయ్యండి. గిన్నె కింద మడత పెట్టిన గుడ్డ ఒకటి వేస్తే అడుగు వేడి నేరుగా తగలదు.

చిటికెడుప్పు · ఆదివారం, రాత్రి 7:35

దిగింది! బోర్లిస్తే కదలకుండా దిగింది. కత్తి పెడితే గాజులా కోసుకుంది. గుడ్డ కాస్త పక్కకి జరిగిన మూల మాత్రం నాలుగు కన్నాలున్నాయి. ఆ ముక్క నేనే తినేశాను, ఎవరికీ చూపించలేదు.

నిద్రలేనిఘడియ · ఆదివారం, రాత్రి 7:50

నా అగర్ కూడా కట్టింది. ఇసుక తగిలింది. రెండు నిమిషాలు అంటే రెండు నిమిషాలే అన్నమాట.

గాజుగొట్టం · బుధవారం, సాయంత్రం 6:10

చివరికి ఉండబట్టలేక పెట్టె పట్టుకుని పాత ల్యాబుకి వెళ్లొచ్చాను. నోటితో పీల్చలేదు కొత్తకోటూ, పిపెట్‌కి రబ్బరు బల్బు తగిలించాను. నా వేలే పొడుచుకున్నాను. 10 నిమిషాలు గడియారం చూసి, కిటికీ దగ్గర నిలబడి చుక్కలు వేశాను. చెయ్యి ఏమీ మర్చిపోలేదు, కొంచెం వణికిందంతే. సాహ్లీలో 12.5 వచ్చింది. అక్కడి అబ్బాయి నా రక్తం మెషీన్లో పెడితే 13.6.

గాజు వెలిసిందో, నా కళ్లే వెలిశాయో తెలియదు. ఇంకోసారి చూద్దామంటే ఆ అబ్బాయి వేలు ఇవ్వనన్నాడు.